పచ్చ తివాచీ కింద నీళ్ళ దారి

2020 అక్టోబర్ 13 నాటి వానను మేడ్చల్–మల్కాజిగిరి జిల్లా ఇంకా మరిచిపోలేదు. ఆ ఒక్క రోజులో ఘట్‌కేసర్ దగ్గర 32 సెంటీమీటర్లు పడింది. బేగంపేటలో 19 సెంటీమీటర్లు దాటింది. సెంటీమీటర్లలో చెబితే ఆ నీళ్ళెన్నో కంటికి ఆనవు. ఇంటి ముందు వంద గజాల ఖాళీ జాగా ఉందనుకుంటే, దాని మీద ఒక్క సెంటీమీటరు వాన పడితే 836 లీటర్లు. 32 సెంటీమీటర్లంటే దాదాపు 26,700 లీటర్లు. అయిదు వేల లీటర్ల ట్యాంకర్లు అయిదు తెచ్చి ఆ ముంగిట్లో కుమ్మరించినా ఇంకా తక్కువే.

అదే జిల్లాలో ఉంది దేవరయాంజాల్. ఒక పక్క మేడ్చల్ మీదుగా నాగపూర్ వెళ్ళే 44వ జాతీయ రహదారి, ఇంకో పక్క శామీర్‌పేట మీదుగా కరీంనగర్ వెళ్ళే రాజీవ్ రహదారి. రెండు దారుల నడుమ ఊరు. సీతారామచంద్రస్వామి గుడికీ, దాని మాన్యాలకూ పేరు. పొలిమేర దాటితే హకీంపేట, అక్కడ 1993లో మొదలైన క్రీడా పాఠశాల. ఒకప్పుడు చెలకలూ తోటలూ ఉన్న ఈ చుట్టుపక్కల ఇప్పుడు గోదాములు, ఫంక్షన్ హాళ్ళు, ఫామ్‌హౌస్‌లు, వల కట్టి లైట్లు పెట్టిన బాక్స్ క్రికెట్ మైదానాలు కనిపిస్తాయి. వాటితోపాటు వచ్చింది కృత్రిమ పచ్చిక. అందరూ ‘టర్ఫ్’ అనే అంటారు. నీళ్ళు పోయనక్కర్లేదు, కోయనక్కర్లేదు, ఎండాకాలంలోనూ పచ్చగానే ఉంటుంది. బోర్లు వట్టిపోయే ప్రాంతంలో ఈ మాటకు ఆశపడని వాళ్ళుండరు.

పని మాట్లాడుకునేటప్పుడు ఇంటాయన మొదట అడిగేది, “గడ్డి ఎన్ని ఎంఎం పెడుతున్నవ్, మేస్త్రీ?” అని. అనుభవమున్న మేస్త్రి దానికి వెంటనే జవాబు చెప్పడు. గేటు దగ్గర నిలబడి ఇంటి గోడ వైపు చూసి, “గడ్డి సంగతి తర్వాత చూద్దాం సార్, నీళ్ళు ఎటు పోవాలె?” అని ఎదురు ప్రశ్న వేస్తాడు. టర్ఫ్ పని బాగుపడేదీ చెడిపోయేదీ ఆ ప్రశ్న దగ్గరే. పైన పరిచే పచ్చ తివాచీని రెండు మూడు గంటల్లో పరిచేయవచ్చు. రోజులు పట్టేది దాని కింద నేల తయారు చేయడానికి. ఖర్చు తగ్గించమని అడిగినప్పుడు మొదట కోత పడేది కూడా ఆ కింది పనికే. పైకి కనిపించదు కనుక కోసినా ఎవరికీ తెలియదు. తొలకరి దాకా.

ఈ ప్లాస్టిక్ గడ్డి పుట్టింది అమెరికాలో. 1964లో ప్రావిడెన్స్ నగరంలోని మోజెస్ బ్రౌన్ పాఠశాలలో ‘కెమ్‌గ్రాస్’ పేరుతో మొదటిసారి పెద్ద ఎత్తున పరిచారు. మరుసటి ఏడు హ్యూస్టన్‌లో పైకప్పు ఉన్న ఆస్ట్రోడోమ్ స్టేడియం తెరిచారు. లోపల నిజమైన గడ్డే వేశారు. పైకప్పు పలకల్లోంచి దిగే ఎండకు కళ్ళు చెదిరి ఆటగాళ్ళకు గాల్లో లేచిన బంతి కనిపించలేదు. పలకలకు రంగు పూశారు. బంతి కనిపించింది కానీ వెలుతురు చాలక గడ్డి చచ్చిపోయింది. అలా 1966లో అక్కడ కృత్రిమ గడ్డి పరిచారు, దానికి ‘ఆస్ట్రోటర్ఫ్’ అనే పేరూ స్థిరపడింది. కప్పు కింద ఉన్నంత కాలం దానికి వాన బెడద లేదు. 1967లో ఇండియానా రాష్ట్రం టెర్రె హాట్‌లో ఆరుబయటి స్టేడియంలో పరిచాకే నీళ్ళు ఎటు పోవాలన్న ప్రశ్న అసలుగా ఎదురైంది.

మన దేశానికి ఈ గడ్డి దెబ్బ మొదట తగిలింది హాకీలో. 1976 మాంట్రియల్ ఒలింపిక్స్‌లో మొదటిసారి కృత్రిమ మైదానంలో హాకీ ఆడించారు. 1928 నుంచి ప్రతి ఒలింపిక్స్‌లోనూ పతకం తెస్తూ వచ్చిన భారత జట్టు అక్కడ ఏడో స్థానంలో నిలిచింది. మట్టి మీదా మామూలు గడ్డి మీదా ఆట నేర్చిన చేతులు కొత్త నేలకు అలవాటు పడడానికి ఏళ్ళు పట్టింది. ఆ తరువాతి తరంలో హైదరాబాద్ నుంచి ముకేశ్ కుమార్ 1992, 1996, 2000 ఒలింపిక్స్ ఆడాడు. కోస్తాలో కాకినాడ దాకా టర్ఫ్ వచ్చింది. 2023 ఫిబ్రవరిలో సీనియర్ మహిళల జాతీయ హాకీ పోటీలు అక్కడే జరిగాయి.

కాకినాడ పేరు ఊరికే ఎత్తలేదు. సముద్రం పక్కన టర్ఫ్ పరచడం వేరు, దక్కను పీఠభూమి మీద పరచడం వేరు. కాకినాడ, మచిలీపట్నం, కోనసీమ ఊళ్ళలో నేల బల్లపరుపు, భూగర్భ జలం పైపైనే. వానాకాలంలో కొన్ని చోట్ల నాలుగడుగులు తవ్వితే నీళ్ళు ఊరతాయి. అలాంటి చోట ఇంకుడు గుంత తవ్వి లాభం లేదు, అది ముందే నిండి ఉంటుంది. అక్కడ చేయాల్సింది నేలను ఎత్తు చేయడం, నీటిని పక్కలకు లాగి కాలువలో కలపడం. మరో చిక్కు ఉప్పుగాలి. అంచులు బిగించే మామూలు ఇనుప మేకులు త్వరగా తుప్పు పట్టి తల ఊడిపోతాయి, అందుకని స్టెయిన్‌లెస్ స్టీలువి వాడాలి. గడ్డి పోగుల మధ్య చల్లే ఇసుక సముద్రపు ఒడ్డు నుంచి తెచ్చింది కాకూడదు. అందులో ఉప్పు ఉంటుంది, గవ్వల పొడి ఉంటుంది, చెమ్మ పీల్చి గట్టిపడుతుంది. విశాఖ వాళ్ళకు ఇంకొక పాఠం 2014 అక్టోబర్ 12 నాటి హుద్‌హుద్ నేర్పింది. తుపాను గాలికి వదులుగా ఉన్నదేదీ నిలవదు. టర్ఫ్ అంచు ఒక్క చోట లేచినా గాలి లోపలికి దూరి పరిచిందంతా లాగేస్తుంది.

దేవరయాంజాల్‌లో ఉప్పుగాలి లేదు, నీటిమట్టం పైకి లేదు. అయినా నీళ్ళు నిలుస్తాయి. కారణం కింద ఉన్న రాయి. ఈ చుట్టుపక్కలంతా గ్రానైట్ నేల. పైన అడుగో రెండడుగులో ఎర్రమట్టి, దాని కింద మొరం, ఆ కింద బండ. కొన్ని చోట్ల బండ గడ్డపారకు అందేంత పైనే ఉంటుంది. మట్టిలోకి ఇంకిన నీరు బండ దాకా దిగి, ఇక దిగలేక పక్కకు పాకుతుంది, వీలు లేకపోతే పైకి ఉబుకుతుంది. సముద్రతీరంలో కింద నీళ్ళుండడం వల్ల వచ్చే కష్టమే ఇక్కడ కింద రాయి ఉండడం వల్ల వస్తుంది. అందుకే తీరంలో టర్ఫ్ పరిచేవాళ్ళు నేర్చుకున్న జాగ్రత్తలు ఈ మెట్ట ఊరికి కూడా పనికొస్తాయి.

నేల స్వభావం తెలుసుకోవడానికి ప్రయోగశాల అక్కర్లేదు. ముంగిట్లో అడుగు లోతు, అడుగు వెడల్పు గుంత తీసి నిండా నీళ్ళు పోయాలి. అది ఇంకాక మళ్ళీ నింపి, ఒక పుల్ల గుచ్చి, గంటలో నీరు ఎంత దిగిందో చూడాలి. అంగుళం పైన దిగితే ఆ నేల నీటిని తాగుతున్నట్టు. అర అంగుళం కూడా దిగకపోతే ఆ నేలను నమ్ముకోకూడదు, గొట్టం వేసి నీటిని బయటికి నడిపించాల్సిందే. రేగడి కలిసిన మట్టి అయితే ఇంకా జాగ్రత్త కావాలి. అది తడికి ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలిస్తుంది. దాని మీద పరిచిన టర్ఫ్ ఏడాదిలోనే అలలు తేలుతుంది.

తరువాత వాటం. నేల నీళ్ళు పారే వైపుకు వాలి ఉండాలని మేస్త్రీలు వాడే మాట అది. ఇంటి గోడ నుంచి బయటి వైపుకు వందకు ఒకటి చొప్పున వాటం ఇస్తే చాలు, పది అడుగులకు అంగుళం పైచిలుకు. నిలబడి చూస్తే అది కంటికి తెలియదు, బంతి దానంతట అది దొర్లదు, నీళ్ళు మాత్రం దారి పడతాయి. లెవల్ పైపు పట్టి, దారం కట్టి, రసమట్టం పెట్టి తేల్చుకోవాలి, కంటి అంచనా పనికిరాదు. గోడ వైపు వాటం తిరిగితే ఇంటి పునాదిలోకి చెమ్మ చేరుతుంది, లోపలి గోడల సున్నం పెచ్చులు లేస్తుంది. ఆ ఇంటివాళ్ళు రంగుల కంపెనీని తిట్టుకుంటారు కానీ తప్పు ముంగిట్లో ఉంటుంది.

వాటం కుదిరాక ఆరు అంగుళాల మట్టి తీసి, దిమ్మిసతోనో రోలరుతోనో నేలను గట్టి చేస్తారు. దాని మీద జియోటెక్స్‌టైల్ గుడ్డ. కింది మట్టి పైకి లేచి కంకరలో కలవకుండా ఆపేది అదే. ఈ గుడ్డ లేకుండా చేసిన పనుల్లో రెండు వానాకాలాలు దాటేసరికి కంకర బురదలో కూరుకుపోతుంది. గుడ్డ మీద 20 ఎంఎం కంకర, దాని మీద సన్న చిప్స్, పొర పొరకూ తొక్కించాలి.

ఇక్కడే ఈ ప్రాంతంలో అందరూ చేసే పొరపాటు ఒకటి ఉంది. క్రషర్ డస్ట్. మేడ్చల్, శామీర్‌పేట చుట్టుపక్కల రాతి క్రషర్లకు కొదవ లేదు, డస్ట్ దండిగా దొరుకుతుంది, చవక. సిమెంటు ఇటుకలు పరిచేటప్పుడు కింద అదే పోస్తారు, అక్కడ అది బాగానే పనిచేస్తుంది. అలవాటు కొద్దీ టర్ఫ్ కింద కూడా అదే పోసి, నీళ్ళు చల్లి రోలరు తిప్పుతారు. అద్దంలా నున్నగా, చదునుగా తయారవుతుంది. ఇంటాయన చూసి మురిసిపోతాడు. కానీ డస్ట్‌లో ఉన్న పిండి లాంటి రాతి పొడి తడికి బిగిసి దాదాపు గచ్చు అయిపోతుంది. పైన నీరు దిగడానికి టర్ఫ్‌కు బెజ్జాలుంటాయి, కింద దారి మూసుకుపోయి ఉంటుంది. నీళ్ళు రెంటి మధ్యా చిక్కుకుంటాయి. నాలుగు రోజులు ముసురు పట్టిందంటే వాసన వస్తుంది, దోమలు వస్తాయి, అడుగు వేస్తే చెప్పు కింద బుడబుడమంటుంది.

పొడి లేని చిప్స్ వేస్తే ఏమవుతుందో లెక్క వేసి చూడవచ్చు. రాళ్ళ మధ్య ఉండే ఖాళీ మొత్తం పరిమాణంలో సుమారు మూడో వంతు. ఆరు అంగుళాల మందం కంకర అంటే ఆ ఖాళీల్లో అయిదు సెంటీమీటర్ల వాన దాక్కోగలదు. వంద గజాల ముంగిట్లో అది నాలుగు వేల లీటర్ల పైనే. అంటే కంకర పరుపే కంటికి కనిపించని తొట్టి. కుంభవృష్టి పడినప్పుడు నీటిని కాసేపు తనలో ఆపుకుని, నెమ్మదిగా గొట్టంలోకి వదులుతుంది. అదే ఖాళీని డస్ట్‌తో నింపితే ఆ తొట్టిని చేతులారా పూడ్చినట్టే.

గొట్టం సంగతి క్లుప్తంగా. నాలుగు అంగుళాల పీవీసీ పైపుకు బెజ్జాలు పెట్టి, గుడ్డ చుట్టి, వాటం దిగే అంచున కంకరలో పడుకోబెడతారు. రెండో కొస ఎక్కడ తేలుతుందో కంటికి కనబడేలా ఉండాలి, మూత తీసి చూసే వీలుండాలి.

టర్ఫ్ కొనేటప్పుడు పైన పోగు ఎత్తు ఎంతో చూసే కళ్ళు ఒక్కసారి చుట్టను తిరగేసి వెనక వైపు చూడాలి. వెనక నల్లటి రబ్బరు పాలో పాలీయురేథేనో పూసి ఉంటుంది. అందులో నాలుగేసి అంగుళాలకు ఒకటి చొప్పున పెన్సిలు దూరేంత బెజ్జాలుంటాయి. కొన్ని చవక రకాల్లో ఆ బెజ్జాలు పూత పొరతో సగం మూసుకుపోయి వస్తాయి. దీపానికి ఎదురుగా పట్టుకుంటే తెలిసిపోతుంది. అంతర్జాతీయ ఫుట్‌బాల్ సమాఖ్య ఫిఫా తన నాణ్యత ముద్ర వేయాలంటే టర్ఫ్ గంటకు 180 మిల్లీమీటర్ల నీటిని కిందికి దింపాలంటుంది. గంటకు 18 సెంటీమీటర్లు! హైదరాబాద్ ఆకాశం అంత జోరుగా కురవడం చాలా అరుదు. కాబట్టి మంచి టర్ఫ్ కొన్నాక నీళ్ళు నిలిస్తే తప్పు టర్ఫ్‌ది కాదు. కింద చూడాలి.

కొందరికి అప్పటికే సిమెంటు గచ్చు ఉంటుంది. దాని మీదే పరిచేయమంటారు. పరచవచ్చు, అయితే గచ్చుకు వాటం ఉండాలి, కింద గాలీ నీరూ ఆడేందుకు డ్రెయిన్ సెల్ అనే ప్లాస్టిక్ జల్లెడ పలకలు వేయాలి, చివర కాలువ ఉండాలి. మేడ మీద పరిచేవాళ్ళకు కూడా ఇదే మాట. అక్కడ వాటర్‌ప్రూఫింగ్ సరిగా లేకపోతే టర్ఫ్ కింద నిలిచిన తడి స్లాబును తినేస్తుంది, ఆ తినడం ఎవరికీ కనిపించదు.

ఇప్పుడు అసలు ప్రశ్న. ముంగిట్లోంచి గొట్టంలో పడిన నీరు ఎక్కడికి పోతుంది? ఎక్కువ ఇళ్ళలో గేటు బయట రోడ్డు మీదికి. అక్కడి నుంచి పల్లంలో ఉన్న పక్కింటికి. ఇది అన్యాయం. దేవరయాంజాల్ లాంటి ఊళ్ళను కట్టిన పాతవాళ్ళు వాన నీటికి ఒక క్రమం పెట్టి పోయారు. మెట్ట మీద పడిన నీరు ఒర్రెల్లో పారి కుంటకు చేరుతుంది, కుంట నిండి మత్తడి దుంకితే కింది చెరువుకు, అక్కడి నుంచి ఇంకో చెరువుకు. శామీర్‌పేట పెద్దచెరువు దాకా చూసినా ఈ ప్రాంతమంతా గొలుసుకట్టు పద్ధతే. ఆ ఒర్రెల మీద గోడలు లేచాక, మిగిలిన ఖాళీ జాగాలు కూడా గచ్చుతోనూ ప్లాస్టిక్‌తోనూ మూసుకుపోతే, అక్టోబర్ 2020 లాంటి రోజున నీళ్ళు రోడ్లనే కాలువలు చేసుకుంటాయి. అదే జరిగింది కూడా.

అందువల్ల టర్ఫ్ పరిచే ప్రతి ఇంట్లో గొట్టం చివర ఒక ఇంకుడు గుంత ఉండి తీరాలి. నీరు, నేల, చెట్ల రక్షణకు తెచ్చిన 2002 నాటి వాల్టా చట్టం వాన నీటి గుంతల గురించి చెప్పనే చెప్పింది. చట్టం కోసం కాకపోయినా సొంత బోరు కోసమైనా చేయాల్సిన పని ఇది. అడుగున పెద్ద రాళ్ళు, వాటిపైన 20 ఎంఎం కంకర, ఆపైన దొడ్డు ఇసుక, పై భాగం కొంత ఖాళీ. బండ మరీ పైకి ఉన్న చోట గుంతను లోతుకు బదులు పొడవుగా తవ్వాలి. గుంత నిండినప్పుడు పొర్లే నీటికి మాత్రమే వీధి కాలువ దారి చూపాలి. పొరుగువాళ్ళ గోడ వారగా గుంత తీయకూడదు.

ఇంత శ్రద్ధగా చేసినా టర్ఫ్‌కు ఎండ అనే శత్రువు మిగిలే ఉంటుంది. అమెరికాలో యూటా రాష్ట్రంలోని బ్రిగమ్ యంగ్ విశ్వవిద్యాలయం వాళ్ళు 2002లో తమ మైదానం మీద ఉష్ణోగ్రతలు కొలిచారు. ఒక వేసవి రోజున కృత్రిమ గడ్డి ఉపరితలం 93 డిగ్రీల సెల్సియస్‌కు చేరింది. నీళ్ళు చల్లితే 79 నుంచి 29 డిగ్రీలకు దిగింది కానీ, అయిదు నిమిషాల్లోనే మళ్ళీ 49కి ఎక్కింది. మేడ్చల్‌లో మే నెల మధ్యాహ్నం 42 డిగ్రీల ఎండలో చిన్నపిల్లలు ఉత్త కాళ్ళతో దాని మీదికి దిగితే అరికాళ్ళు బొబ్బలెక్కుతాయి. పిల్లలున్న ఇంట్లో టర్ఫ్ వేస్తే నీడ ఉండాలి. ఉన్న వేపచెట్టును కొట్టి టర్ఫ్ పరచడం కంటే అన్యాయమైన పని లేదు. చెట్టు మొదట్లో మూడడుగుల మేర మట్టిని వదిలేసి పరచవచ్చు. రాలే ఆకుల్ని వారానికోసారి ఊడ్చుకుంటే బెజ్జాలు మూసుకుపోవు.

గడ్డి పోగుల నడుమ చల్లే నల్లటి రబ్బరు గుళికల విషయంలో లోకం మనసు మార్చుకుంటోంది. పాత టైర్లను తురిమి చేసే ఆ గుళికలు వాన నీటితో కొట్టుకుపోయి కాలువల్లో, చెరువుల్లో చేరుతున్నాయి. యూరోపియన్ యూనియన్ 2023లో తెచ్చిన నియమం ప్రకారం 2031 అక్టోబర్ తరువాత అలాంటి గుళికలను అక్కడ అమ్మకూడదు. ఇళ్ళ ముంగిళ్ళకు అసలు వాటి అవసరమే లేదు, కడిగిన సిలికా ఇసుక చాలు. బాక్స్ క్రికెట్ మైదానాలు నడిపేవాళ్ళు గొట్టం నోటి దగ్గర సన్న జల్లెడ బిగిస్తే కింది కుంటకు ఎంతో మేలు చేసినవాళ్ళవుతారు. నాసిరకం టర్ఫ్ ఎండకు పెళుసై దాని పోగులు విరిగిపోతాయి. ఆ పచ్చ పోగులు కూడా నీళ్ళ వెంటే పోతాయి.

ముంగిలి మొత్తం టర్ఫ్‌తో కప్పక్కర్లేదు. పిల్లలు ఆడే మేర, కుర్చీలు వేసుకునే మేర పరిచి, మిగిలింది మట్టిగా వదిలి నాలుగు మొక్కలు పెట్టుకుంటే నీటికి సగం దారి అక్కడే దొరుకుతుంది. ఈ ప్రాంతంలో పని మొదలుపెట్టడానికి మంచి సమయం ఏప్రిల్, మే నెలలు. జూన్‌లో మృగశిర కార్తె ప్రవేశించేసరికి కంకర కుదురుకుని ఉంటుంది. అతుకులు వేసే రోజున నేల పొడిగా ఉండాలి, తడి మీద వేసిన జిగురు పట్టదు. పోగులన్నీ ఒకే వైపు వాలేలా చుట్టలు పరచాలి.

ఆఖరి చెల్లింపుకు ముందు ఇంటివాళ్ళు మోటరు వేసి, పైపు పట్టి ఒకే చోట పావుగంట నీళ్ళు వదలాలి. ఒకరు గుంత దగ్గర నిలబడి గొట్టం నోట్లోంచి నీరు ఎప్పుడు మొదలైందో చూడాలి. నాలుగైదు నిమిషాల్లో ధార కనిపించి, మోటరు ఆపిన అరగంటకు టర్ఫ్ మీద అరచెయ్యి గట్టిగా అదిమితే నీళ్ళు పైకి ఊరకుండా ఉంటే పని సరిగా జరిగినట్టు. ఊరితే ఒక మూల ఎత్తి కింద ఏం పోశారో చూడాలి. డస్ట్ కనిపిస్తే తీయించి చిప్స్ పోయించాలి, డబ్బు ఇవ్వడం ఆ తరువాతే.